పెరిగిన ఊళ్లన్నీ ఎదిగిన ఊళ్లేనా?

"మావాడు హైదరాబాదులో ఉన్నాడు." "మా అల్లుడు బెంగళూరు మారాడు." "మా చెల్లెలి కొడుకు అమెరికాలో, డాలస్ దగ్గర." జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతూ మార్కాపురంలోనైనా, గిద్దలూరులోనైనా, కంభంలోనైనా పెద్దలు చెప్పుకునే మాటలివి. వాటి వెంటే ఇంకో మాట వస్తుంది. "ఆ ఊరు మహా జోరుగా పెరుగుతోందట!" ఆ మాటలో గర్వం ఉంటుంది. మన ఊరు అలా కాలేదన్న దిగులూ ఉంటుంది.

అయితే ఊరు పెరగడం వేరు, ఎదగడం వేరు. పిల్లల విషయంలో ఈ తేడా ప్రతి తల్లికీ తెలుసు. ఒడ్డూ పొడుగూ వచ్చినంత మాత్రాన కొడుకు ఎదిగాడని ఆమె అనుకోదు. బాధ్యత తెలిసి, నలుగురికీ పనికి వచ్చినప్పుడే ఎదిగాడంటుంది. ఊరినీ అలాగే చూడాలి. జనం, మేడలు, బండ్లు ఎన్ని వచ్చాయన్నది పెరుగుదల లెక్క. వచ్చిన జనం ఎలా బతుకుతున్నారన్నది ఎదుగుదల లెక్క.

ఈ తేడాను ఇప్పుడే తేల్చుకోవలసిన అవసరం పశ్చిమ ప్రకాశం వాసులకు ఉంది. 1970 ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి వచ్చి అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. గిద్దలూరు రైతు కలెక్టరు కచేరీలో ఒక కాగితం కోసం వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయవలసి వచ్చేది. దశాబ్దాల కోరిక తర్వాత మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం, కనిగిరి నియోజకవర్గాలతో మార్కాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పాటుకు 2025 చివర్లో ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. జిల్లా కేంద్రమైన ఊరు పెరగక మానదు. ఎదుగుతుందా అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు వెదకడానికి, మన పిల్లలు వెళ్లి స్థిరపడుతున్న దేశంలోని పెద్ద నగరాల అనుభవం ఉపయోగపడుతుంది.

అంకెలు ఏం చెబుతాయి?

అమెరికాలో 2010 నుంచి 2020 వరకు పదేళ్లలో టెక్సాస్ రాజధాని ఆస్టిన్ జనాభా 7 లక్షల 90 వేల నుంచి 9 లక్షల 61 వేలకు పెరిగింది. అంటే ఐదో వంతుకు కాస్త ఎక్కువ. డాలస్ పక్కనున్న ఫోర్ట్‌వర్త్ 24 శాతం పెరిగింది. పసిఫిక్ తీరంలోని సియాటిల్ 21 శాతం పెరిగింది. దేశంలోని పది అతి పెద్ద నగరాల్లో అందరికన్నా వేగంగా పెరిగింది ఎడారిలోని ఫీనిక్స్. దాని పెరుగుదల 11 శాతం, జనాభా 16 లక్షలు.

ఇప్పుడు మన అంకె చూడండి. 2001లో మార్కాపురం పట్టణ జనాభా సుమారు 58 వేలు. 2011లో 71 వేలు. ఇదీ ఐదో వంతుకు కాస్త ఎక్కువే. ఆస్టిన్ వేగమూ మార్కాపురం వేగమూ దాదాపు ఒకటేనంటే నమ్మగలమా? కాని లెక్క అదే చెబుతోంది. అంకె ఒకటే అయినా దాని వెనుక కథ ఒకటి కాదు. ఆస్టిన్‌కు జనం కొత్త ఉద్యోగాల కోసం వచ్చారు. కరువు ప్రాంతపు పట్టణానికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చేది తరచు బోర్లు ఎండిపోయి, సేద్యం గిట్టుబాటు కాక. ఒకచోట ఊరు మనుషుల్ని పిలిచింది. ఇంకోచోట పల్లె మనుషుల్ని తోసివేసింది. రెంటినీ పెరుగుదల అనే అంటాం. 2021లో జరగవలసిన జనాభా లెక్కల సేకరణ వాయిదా పడి 2027కు వెళ్లింది గనుక ఆ తర్వాతి సరైన అంకె ఇంకా రావలసి ఉంది.

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో అనే పట్టణం ఉంది. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన చోటు అది. అక్కడ దేవాలయమూ ఉంది, ఇస్లామిక్ సెంటరూ ఉంది. 2000లో దాని జనాభా 33 వేల 7 వందలు. మన గిద్దలూరు 2011లో సుమారు 35 వేలు, అంటే దాదాపు అంతే ఊరు. 2020 నాటికి ఫ్రిస్కో 2 లక్షలు దాటింది. ఇరవై ఏళ్లలో ఆరింతలు! అంత వేగంగా పెరిగినా ఊరు గందరగోళం కాకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ఆ ప్రాంతపు ఊళ్లన్నీ విడివిడిగా బోర్లు వేసుకోకుండా ఉమ్మడిగా నీళ్లు తెచ్చుకోవడానికి 1951లోనే ఒక నీటి సంస్థ ఏర్పడింది. లావన్ అనే జలాశయం నుంచి అది నీళ్లు ఇస్తుంది. కొత్త కాలనీ వేసే వ్యాపారి నుంచి నీటికి, రోడ్లకు అయ్యే ఖర్చులో వాటాను ముందుగానే వసూలు చేసే చట్టం టెక్సాస్‌లో 1987 నుంచి ఉంది. మన దగ్గర ముందు ప్లాట్లు అమ్ముతారు, తర్వాత ఇళ్లు లేస్తాయి, ఆ తర్వాత కాలువ ఎక్కడని వెదుకుతారు.

అభ్యుదయం అనే బిరుదు

అమెరికాలో నగరాలను వేగంతోపాటు ఇంకో కొలతతోనూ పోలుస్తారు. ఈ నగరం ఎంత అభ్యుదయ నగరం? కూలివాడికి న్యాయమైన వేతనం ఇస్తున్నదా, వలస వచ్చినవారిని, నల్లవారిని, మైనారిటీలను సమానంగా చూస్తున్నదా, పేదవాడికి ఇల్లు దొరుకుతున్నదా అని అడుగుతారు. ఈ కొలత మనకు కొత్తది కాదు, అవసరమైనదే. కాని ఈ బిరుదు వచ్చిన నగరాల్లోనూ తడబాట్లు ఉన్నాయి.

సియాటిల్ 2014లో గంటకు 15 డాలర్ల కనీస వేతనం వైపు అంచెలంచెలుగా వెళ్లే చట్టం చేసింది. పెద్ద నగరాల్లో ఆ పని చేసిన మొదటి వరుస నగరం అది. కూలి పెంచితే ఊరు కుంగిపోతుందన్నవారి మాట నిజం కాలేదు. ఊరు పెరుగుతూనే ఉంది. కాని అద్దెలు కూడా కూలితో పోటీపడి పెరిగాయి. శాన్‌ఫ్రాన్సిస్కో అభ్యుదయ భావాలకు పేరు మోసిన నగరం. అయినా అక్కడ కొత్త ఇళ్లు కట్టడానికి ఉన్న అడ్డంకుల వల్ల, బడి పంతులు, ఆసుపత్రి నర్సు ఊళ్లో ఇల్లు తీసుకోలేక దూరం నుంచి గంటల తరబడి ప్రయాణం చేయవలసిన స్థితి వచ్చింది. మాటలో ఆదరణ ఉంది, గడపలో చోటు లేదు.

హూస్టన్ దీనికి వ్యతిరేకం. ఏ స్థలంలో ఏం కట్టాలన్న నియమాలు అక్కడ చాలా తక్కువ. అందువల్ల ఇళ్లు చౌక. నిరాశ్రయులకు ముందు ఇల్లు ఇచ్చి, ఆ తర్వాతే మిగతా సంగతులు చూసే పద్ధతితో 2010 దశకంలో వారి సంఖ్యను సగానికి పైగా తగ్గించింది. అభ్యుదయ నగరమని గొప్పలు చెప్పుకోని ఊరు చేసిన పని ఇది. కాని నియమాలు లేకుండా నీళ్లు ఇంకే నేలలను కూడా కాంక్రీటుతో కప్పేసిన ఫలితం 2017లో హార్వే తుఫాను వచ్చినప్పుడు తెలిసింది. ఊరి వీధులు నదులయ్యాయి.

మిన్నియాపోలిస్ 2018లో ఇంకో దారి తొక్కింది. ఒక్క ఇల్లే కట్టాలన్న స్థలాల్లో మూడు కుటుంబాలకు ఇళ్లు కట్టుకోవచ్చునని ప్రణాళిక మార్చింది. సోమాలియా నుంచి వచ్చిన ముస్లిములు ఎక్కువగా ఉన్న ఆ నగరం 2023 ఏప్రిల్‌లో ఐదు పూటలా అజాన్ లౌడ్‌స్పీకరులో ఇచ్చుకోవడానికి అనుమతించింది. అమెరికా పెద్ద నగరాల్లో ఇదే మొదటిది. 2020 లెక్కల్లో 88 లక్షల జనాభా ఉన్న న్యూయార్క్ 2015లో రెండు ఈద్ పండుగలను బడుల సెలవుల పట్టికలో చేర్చింది. 2025 నవంబరులో ఆ నగర ప్రజలు జోహ్రాన్ మమ్దానీని మేయరుగా ఎన్నుకున్నారు. ఆ పదవికి వచ్చిన తొలి ముస్లిం ఆయన. అయితే ఆయన ఎన్నికల ప్రచారమంతా మతం మీద నడవలేదు. ఇంటి అద్దె, బస్సు చార్జీ, పిల్లల సంరక్షణ ఖర్చు మీద నడిచింది. అన్ని మతాల పేదలనూ ఒక్కతాటి మీదికి తెచ్చేవి ఈ మాటలే.

ఒకే పనిని నమ్ముకుంటే

పెరుగుదల శాశ్వతం కాదనడానికి డెట్రాయిట్‌ను మించిన నిదర్శనం లేదు. కార్ల పరిశ్రమకు రాజధాని అయిన ఆ నగర జనాభా 1950లో 18 లక్షల 49 వేలు. 2020లో 6 లక్షల 39 వేలు. ఫ్యాక్టరీలు బయటికి తరలాయి. డబ్బున్న తెల్లవారు శివార్లకు తరలారు. నల్లవారిని కొన్ని పేటలకే కట్టడి చేసిన వివక్ష అంతకు ముందునుంచే ఉంది. పన్నులు కట్టేవారు తగ్గారు, చెల్లించవలసిన అప్పులు మిగిలాయి. 2013లో నగరపాలక సంస్థ దివాళా ప్రకటించింది.

ఆ నగరం నడిబొడ్డున దాదాపు చుట్టూ డెట్రాయిటే ఉండగా హామ్‌ట్రామిక్ అనే చిన్న పట్టణం ఉంది. యెమెన్, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు పాత ఇళ్లు బాగుచేసుకుని దుకాణాలు తెరిచాయి. 2010లో 22 వేలున్న ఆ పట్టణ జనాభా 2020 నాటికి 28 వేలయింది. డెట్రాయిట్ జనాభా కూడా 2023లో, 1957 తర్వాత మొదటిసారి, కాస్త పెరిగినట్టు అంచనాలు వచ్చాయి. వచ్చినవారిని బరువుగా చూసే ఊరికీ బలంగా చూసే ఊరికీ తేడా ఇక్కడ కనిపిస్తుంది.

డెట్రాయిట్ కథ మార్కాపురానికి దూరమైనదేమీ కాదు. ఒకప్పుడు దేశంలో బడిపిల్లల చంకన కనిపించిన పలకల్లో అధిక భాగం ఇక్కడి గనుల రాయే. గనిలో రాయి తీయడం, పొరలు విడదీయడం, కోయడం, చట్రం బిగించడం, పెట్టెల్లో సర్దడం — ఈ పనుల మీద వేల కుటుంబాలు బతికాయి. వారిలో ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. కాగితం పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక గిరాకీ పడిపోయింది. గోడలకు, గచ్చుకు వాడే డిజైన్ రాళ్ల వైపు పరిశ్రమ మళ్లి విదేశాలకు ఎగుమతులు మొదలు కావడం వల్ల కొంత నిలదొక్కుకుంది. కాని రాయి కోసే చోట లేచే దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే నయం కాని జబ్బు తెస్తుంది. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతూ కోయడం, గాలి పీల్చే యంత్రాలు పెట్టడం, కార్మికులకు ఏటా పరీక్షలు చేయించడం పెద్ద ఖర్చేమీ కాదు. ఆ పని జరిగిందా లేదా అన్నది, ఊరు ఎదిగిందో లేదో చెప్పే గుర్తు.

నీళ్లే అసలు పరీక్ష

ఫీనిక్స్ ప్రాంతం ఎడారిలో నిలబడటానికి తోడ్పడిన నీటి ఆధారాల్లో రెండు ఇవి. ఒకటి, కొలరాడో నది నుంచి 540 కిలోమీటర్ల కాలువ. రెండు, భూగర్భ జలం. 2023 జూన్‌లో అరిజోనా ప్రభుత్వం, ఫీనిక్స్ చుట్టుపక్కల కేవలం భూగర్భ జలాన్నే నమ్ముకుని వేసే కొత్త కాలనీలకు ఇక అనుమతి లేదని ప్రకటించింది. నూరేళ్లకు సరిపడా నీళ్లు చూపించనిదే ఇళ్లు అమ్మరాదన్నది అక్కడి నియమం. మన పిల్లలు పనిచేసే బెంగళూరు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి కావేరి నీళ్లు ఎత్తిపోసుకుంటుంది. 2024 వేసవిలో అక్కడ వేల బోర్లు ఎండిపోతే కోట్ల జీతాల కాలనీలవారు కూడా ట్యాంకరు కోసం ఎదురుచూశారు.

హైదరాబాదు చరిత్రలో ఇంకో పాఠం ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపిన కట్టలే తాగునీటి చెరువులయ్యాయి. ఆపద నుంచి పాఠం నేర్చుకోవడమే ఎదుగుదల.

మన కళ్ల ముందే కంభం చెరువు ఉంది. గుండ్లకమ్మ మీద రెండు కొండల నడుమ కట్ట వేసి కట్టిన ఈ చెరువు అయిదు వందల ఏళ్ల నాటిది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆయకట్టులో అన్ని కులాల, మతాల రైతుల పొలాలూ ఉన్నాయి. కాని చెరువు అందని పల్లెల కథ వేరు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు నమోదు చేశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లా తాలూకాలే. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. లోతుకు పోయేకొద్దీ బోరులో ఆ విషం పెరిగే నేల ఇది. పళ్లు గారపట్టి, నడుము వంగిన మనుషులను చూడని పల్లె ఈ ప్రాంతంలో తక్కువ.

కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల కింద దాదాపు 19 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వి, 4 లక్షల 47 వేల ఎకరాలకు సాగునీరు, సుమారు 15 లక్షల మందికి తాగునీరు ఇవ్వాలన్నది లక్ష్యం. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. అప్పటికి ముంపు గ్రామాలవారి పునరావాసం పూర్తి కాలేదు. ఫ్రిస్కో ఆరింతలు కావడానికి పట్టిన కాలం కన్నా శంకుస్థాపన నుంచి సొరంగాల అంకితం దాకా పట్టిన కాలమే ఎక్కువ.

మన కొలబద్ద

నగరాలను ఎలా కొలవాలో మన సంప్రదాయం కూడా చెప్పింది. పద్నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ తన ప్రసిద్ధ గ్రంథం ముఖద్దిమాలో, ఊరు వెలసే చోట మంచి నీరు, మంచి గాలి, పశువుల మేత, సాగుభూమి, వంటచెరకు ఉండాలని, వాటిని పట్టించుకోకుండా కట్టిన ఊళ్లు త్వరగా పాడుపడ్డాయని వివరించాడు. మదీనాకు హిజ్రత్ చేసి వచ్చినవారికి తీపి నీళ్లు కొరత అయినప్పుడు, నీళ్లు అమ్ముకునే రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) కొని అందరికీ ఉచితం చేశారు. ఆ బావిలో ఆయన బొక్కెనకు కూడా మిగతా బొక్కెనల కన్నా ఎక్కువ హక్కు లేదు.

ఖుర్‌ఆన్‌లో 90వ సూరా పేరు 'అల్ బలద్'. అంటే నగరం. అందులో మనిషి ఎక్కవలసిన కష్టమైన మార్గం ప్రస్తావన వస్తుంది. బానిసను విడిపించడం, ఆకలి రోజున దగ్గరి అనాథకో, మట్టిలో పడి ఉన్న పేదకో అన్నం పెట్టడం — ఆ మార్గం అంటే ఇదే. నగరం పేరున్న సూరాలో మేడల ఎత్తు లేదు, మనిషి ఎత్తు ఉంది.

పోలిక చూసిన తర్వాత

ఈ పోలిక అంతా చూశాక ఒక సంగతి తేలుతుంది. వేగంగా పెరిగే నగరమంతా చెడ్డది కాదు, అభ్యుదయ బిరుదున్న నగరమంతా మంచిదీ కాదు. ఆ ఊరిని కట్టిన బేల్దారి, ఊడ్చే పారిశుధ్య కార్మికురాలు, ఇంట్లో పనిచేసే ఆడకూతురు అదే ఊళ్లో గౌరవంగా తల దాచుకోగలిగితే ఆ ఊరు ఎదిగినట్టు. మార్కాపురం ప్రాంతం నుంచి వెళ్లి హైదరాబాదు, బెంగళూరు మేడలు కట్టిన మేస్త్రీలు అక్కడ రేకుల షెడ్లలో పడుకున్నారన్న సంగతి మనకు తెలియనిది కాదు. పిల్లవాడు కొత్త నగరానికి వెళుతున్నప్పుడు జీతం ఎంత అని అడగడంతోపాటు అద్దె ఎంత, నీళ్లు ఎక్కడివి, ఆడపిల్ల రాత్రి బస్సులో రాగలదా, పరాయి ఊరివాడిని ఎలా చూస్తారు అని కూడా అడగాలి.

అవే ప్రశ్నలు మన ఊళ్లోనూ అడగాలి. 1993 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళిక, తాగునీరు, మురికివాడల బాగు వంటి 18 అంశాలను పురపాలక సంఘాల పనులుగా పేర్కొంది. మహిళలకు సీట్లు రిజర్వు చేసింది. మన అక్కచెల్లెళ్లు కౌన్సిలర్లుగా గెలిచినచోట సంతకం భర్తలు, బావమరుదులు పెట్టే అలవాటు పోవాలి. నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడేది ఆమే గనుక నీటి లెక్క ఆమెకే బాగా తెలుసు. మార్కాపురానికి ప్రతిపాదించిన వైద్య కళాశాలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని 2025లో తీసుకున్న నిర్ణయం మీద వాదోపవాదాలు జరిగాయి. ఎవరు నడిపినా పేదవాడికి అందులో మంచం దొరుకుతుందా అన్నదే మనం వదలకుండా అడగవలసిన మాట.

కొత్త జిల్లా వస్తే కచేరీలు వస్తాయి, భూముల ధరలు లేస్తాయి, నాలుగు కొత్త కాలనీలు పడతాయి. వాటికోసం మనం పెద్దగా శ్రమించనక్కర లేదు. కుళాయిలో ఫ్లోరైడు లేని నీరు, గనిలో దుమ్ము లేని గాలి, పలక కోసిన కుటుంబంలోని ఆడపిల్లకు కాలేజీ సీటు — ఇవి మాత్రం అడగందే రావు. కౌన్సిలు సమావేశం జరిగే రోజున, గ్రామసభ కూడే రోజున పొరుగువారితో కలిసి వెళ్లి కూర్చోండి. ఊరు దానంతట అదే పెరుగుతుంది. దాన్ని ఎదిగేలా చేయవలసింది ఊళ్లోని మనుషులే.